తెల్లవారుజామున మూడు గంటల రీడింగ్: ఒక రొయ్యల రైతుకు ఇన్సులిన్ మార్చిన కేసు

ఈ కేసు రాసుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. పేరు, ఊరు మాత్రం వద్దన్నారు, అందుకే ఆ రెండూ లేకుండానే రాస్తున్నాను. వయసు 57. నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు, అల్లూరు, విడవలూరు ప్రాంతంలో ఎనిమిదెకరాల రొయ్యల గుంటలు చూసుకుంటారు. షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. మొదటి తొమ్మిదేళ్లు మాత్రలతో గడిచాయి. ఆ తర్వాత ఐదేళ్లుగా రోజుకు రెండు పూటలా ఇన్సులిన్.

నా దగ్గరకు వచ్చేటప్పటికి 30/70 మిక్స్ వాడుతున్నారు. అంటే ఆ సీసాలో నూటికి ముప్పై పాళ్లు రెగ్యులర్ ఇన్సులిన్, డెబ్బై పాళ్లు నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్. పొద్దున 26 యూనిట్లు, రాత్రి 18 యూనిట్లు. దాంతోపాటు మెట్‌ఫార్మిన్ 1000, గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాముల షుగర్ మాత్రలు, రెండూ రెండు పూటలా. బరువు 68 కిలోలు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1. పరగడుపు షుగర్ 214, మధ్యాహ్నం తిన్నాక 290. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4, ఈజీఎఫ్‌ఆర్ 58 దగ్గర. కంటి పరీక్షలో తొలిదశ మార్పులు ఉన్నాయి, పాదాల్లో స్పర్శ బాగానే ఉంది.

ఆ రోజు ఓపీలో జనం ఎక్కువ. పరగడుపు షుగర్ 214 చూశాను, రాత్రి డోసు 18 నుంచి 22కి పెంచి పంపించాను. రెండు వారాలకు మళ్లీ వచ్చారు. పరగడుపున 231. ఈసారి 26 చేశాను. డోసు పెంచినా అంకె పెరుగుతోందంటే అక్కడే ఆగి ఆలోచించాల్సింది. నేను ఆగలేదు. రాత్రిపూట ఏం జరుగుతోందని ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు. ఈ కేసులో నా తప్పు ఇదే, ఇక్కడే మొదలైంది.

మూడోసారి ఆయనతో పాటు భార్య కూడా వచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, ఈయన రాత్రిళ్లు గుంటకాడ నుంచి వస్తే ఒళ్లంతా చెమటలు. చొక్కా పిండితే నీళ్లు కారతాయి. చేతులు వణకతా ఉంటాయి. నేను టీలో నాలుగు చెంచాలు చక్కెరేసి, బిస్కెట్లు పెడతాను. అవి తిన్నాక రొంత కుదురుకుంటాడు. ఈ నెలలో ఎన్నిసార్లో లెక్కే లేదు."

ఆయన అడ్డుపడ్డారు. "ఏం లేదమ్మా, ఉక్క. మోటారు షెడ్డు కాడ రేకుల వేడి."

రేకుల వేడికి చెమట పడుతుంది నిజమే, కానీ చేతులు వణకవు. చక్కెర టీ తాగితే ఆగిపోదు.

నాలుగు రాత్రుల లెక్క

గ్లూకోమీటర్ ఇచ్చి నాలుగు రాత్రులు చూడమన్నాను. రాత్రి పడుకునే ముందు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి. 70 కంటే తక్కువ ఉంటే ముందు మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలని చెప్పాను. ఆ వారానికి రాత్రి డోసు మళ్లీ 18కి దించాను, గ్లిమెపిరైడ్ ఆపేశాను.

మూడింటికి లేవడం కష్టమవుతుందేమో అన్నాను. ఆయన నవ్వారు. ఆ వేళకు ఎలాగూ గుంట గట్టు మీదే ఉంటారట. రొయ్యల సాగు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తరుగుతూ వచ్చి, తెల్లవారుజామున బాగా అడుగుకు పోతుంది. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, నాలుగు పీపీఎంకి దిగిందంటే రైతుకు టెన్షన్. అందుకని ఆయన రెండున్నరకు లేచి, ఒక్కో గుంట దగ్గరా మీటర్ ముంచి చూసి, నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ గట్లన్నీ ఒక చుట్టు తిరుగుతారు. కరెంటు పోతే జనరేటర్ వేయడం కూడా ఆయన పనే.

ఐదో రోజు పుస్తకం తెచ్చారు. గుంటల లెక్క రాసే పుస్తకమే. డీఓ, పీహెచ్, మేత, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మిగిలింది, అన్నీ గళ్లు కొట్టి రాసి ఉన్నాయి. ఆ పక్కన కొత్తగా ఒక గడి. మొదటి రాత్రి మూడింటికి 61, పొద్దున 205. రెండో రాత్రి 52, పొద్దున 238. మూడో రాత్రి ఒంట్లో బాగాలేక గుంటలకు కొడుకును పంపి ఇంట్లోనే పడుకున్నారు: మూడింటికి 88, పొద్దున 131. నాలుగో రాత్రి మళ్లీ గట్టు మీద 64, పొద్దున 211. మూడు రాత్రులూ గ్లూకోజ్ తాగాక కూడా భయానికి మళ్లీ టీ, బిస్కెట్లు తీసుకున్నారు. 52 చూసిన రాత్రి అయితే రెండు అరటిపండ్లు కూడా.

మేం చదువుకునే రోజుల్లో ఒక పాఠం చెప్పేవారు: రాత్రి షుగర్ పడిపోతే శరీరమే దాన్ని పొద్దుటికి ఎగదోస్తుందని. ఇప్పుడు రాత్రంతా కొలిచే సెన్సార్లు వచ్చాక, అది మనం అనుకున్నంత తరచుగా జరగదని తేలింది. ఈయన విషయంలో అంత దూరం వెళ్లక్కర్లేదు. ఆ చక్కెర టీ, బిస్కెట్లు, అరటిపండ్లే పొద్దున 238 అయ్యాయి. దాన్ని చూసి నేను రాత్రి డోసు పెంచాను. పెంచినకొద్దీ ఇంకా పడిపోయింది, పడిపోయినకొద్దీ ఇంకా తిన్నారు.

పుస్తకం ముందు పెట్టుకుని ఆయనే అన్నారు: "గుంటలో డీఓ పడే వేళకే నాకూ పడతా ఉంది కదమ్మా." అవును, అదే వేళకు. ఎందుకో చెప్పాలంటే ఆ సీసాలో ఉన్నదేమిటో చూడాలి.

సీసాలో ఉన్నది, ఆయన గడియారం

రెగ్యులర్ ఇన్సులిన్ చర్మం కిందకి వెళ్లాక పని మొదలుపెట్టడానికి అరగంట పడుతుంది. రెండు నుంచి నాలుగు గంటల మధ్య దాని జోరు ఎక్కువ. ఐదు నుంచి ఎనిమిది గంటలకు దిగిపోతుంది. అందుకే అన్నానికి అరగంట ముందు వేసుకోమంటాం. ఎన్‌పీహెచ్ తీరు వేరు. రెగ్యులర్‌కి ప్రోటమిన్ అనే ప్రోటీన్ కలిపి, కరగడం ఆలస్యమయ్యేలా చేసిన మందు ఇది. 1946లో డెన్మార్క్‌లో హాగెడోర్న్ బృందం తయారుచేసింది. ఆ ప్రోటమిన్‌ను మొదట్లో తీసింది చేపల నుంచే. ఈ సంగతి చెబితే ఆయన చాలా సంతోషపడ్డారు. ఎన్‌పీహెచ్ పని మొదలవడానికి గంట నుంచి రెండు గంటలు, జోరు నాలుగు నుంచి పది గంటల మధ్య, మొత్తం మీద పన్నెండు నుంచి పదహారు గంటలు.

ఈయన రాత్రి ఎనిమిదిన్నరకు సూది వేసుకుంటారు. అన్నం తొమ్మిదిన్నరకు, ఒక్కోసారి పదికి. రెగ్యులర్ అప్పటికే పనిలో ఉంటుంది. ఎన్‌పీహెచ్ జోరు పన్నెండున్నర నుంచి పొద్దున ఆరున్నర వరకు. నడిమధ్యన, రెండున్నరకు లేచి గట్లు తిరుగుతారు. కడుపు ఖాళీ, కాళ్లకు పని, రక్తంలో ఎన్‌పీహెచ్ నిండుగా. పైగా గ్లిమెపిరైడ్. రెండు పూటలా మిక్స్ వేసుకునే మనిషికి ఆ మాత్ర కూడా ఉంచితే షుగర్ పడే ప్రమాదం పెరుగుతుంది. కిడ్నీ కొంచెం మందగిస్తే ఇన్సులిన్, ఆ మాత్ర రెండూ ఒంట్లో ఇంకాసేపు నిలబడతాయి.

ఇంకో రెండు సంగతులు ఆ రోజే బయటపడ్డాయి. సీసా ఎక్కడ పెడతారని అడిగితే మోటారు షెడ్డులో, రేకుల కింద అన్నారు. రోహిణి కార్తెలో మన వైపు రేకుల షెడ్డు ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. తెరిచిన సీసా 30 డిగ్రీల లోపు ఉంటే దాదాపు నాలుగు వారాలు నిలబడుతుంది, అంతకు మించిన వేడిలో బలం తగ్గిపోతుంది. రెండోది, ఎన్‌పీహెచ్ ఉన్న సీసా తెల్లగా, పలచటి మజ్జిగలా ఉంటుంది, కాసేపు కదలకుండా పెడితే మందు అడుగుకు దిగుతుంది. అరచేతుల మధ్య పెట్టి పది ఇరవైసార్లు దొర్లించాలి. ఈయన ఒకసారి అటూ ఇటూ వంచి లాగేసుకుంటారు. అంటే ఒకరోజు పలచది, ఒకరోజు చిక్కటిది వెళుతోంది.

ఇక పొట్ట. బొడ్డుకు కుడిపక్కన చెయ్యి పెడితే నిమ్మకాయంత గట్టి ముద్ద తగిలింది. నొక్కితే నొప్పి లేదు. ఐదేళ్లుగా అక్కడే పొడుస్తున్నారు, నొప్పి తెలియదని. ఒకేచోట పదేపదే సూది వేస్తే చర్మం కింద కొవ్వు అట్లా గడ్డకడుతుంది. అందులో వేసిన మందు ఒకరోజు తొందరగా, ఒకరోజు ఆలస్యంగా రక్తంలోకి పోతుంది. ఇది కళ్లతో చూస్తే అన్నిసార్లూ దొరకదు, వేళ్లతో తడమాలి. మొదటి రెండుసార్లు నేను తడమలేదు.

ఏది ఎంచుకున్నాం, ఎందుకు

ఏ ఇన్సులిన్ మంచిదమ్మా అని నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మనిషి ఎప్పుడు తింటాడు, ఎప్పుడు పడుకుంటాడు, ఎప్పుడు ఒళ్లు వంచి పనిచేస్తాడు అన్నది తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఈయన రోజు ఇది: ఆరున్నరకు గుంటల నుంచి ఇంటికి, టీ. పదిన్నరకు రెండు దోశలో, ఇడ్లీలో. మధ్యాహ్నం అన్నం రెండింటికి అనుకుంటే మూడున్నరకు. పట్టుబడి, అంటే గుంటలోంచి రొయ్యలు పట్టే పని, ఉన్న రోజు అదీ లేదు. రాత్రి తొమ్మిదిన్నర. ఇందులో ఏ రోజూ మారనిది ఒక్కటే, ఆరున్నరకు ఇంటికి రావడం.

గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 2000లో వచ్చింది. చర్మం కిందికి వెళ్లగానే సన్నని పలుకులుగా పేరుకుని, ఆగి ఆగి కరుగుతుంది. దాదాపు ఇరవై నాలుగు గంటలు ఒకే తీరుగా ఉంటుంది, ఎన్‌పీహెచ్‌లా ఒకచోట ఎగిసిపడదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద అధ్యయనం ట్రీట్ టు టార్గెట్, 2003లో వచ్చింది. రెండు వర్గాల్లోనూ హెచ్‌బీఏ1సీ ఇంచుమించు ఒకేలా 7 దగ్గరకు దిగింది. తేడా వచ్చింది రాత్రిపూట షుగర్ పడిపోవడంలో. గ్లార్జిన్ వాళ్లకు అది తక్కువ. అంటే ఖరీదైన ఇన్సులిన్ షుగర్‌ను ఎక్కువ తగ్గిస్తుందని కాదు. రాత్రి మీద ఒత్తిడి తగ్గిస్తుంది. ఈయనకు కావలసింది సరిగ్గా అదే.

డెగ్లుడెక్ అనే ఇంకో ఇన్సులిన్ గురించి కూడా ఆలోచించాను. అది నలభై రెండు గంటలకు పైగా పనిచేస్తుంది. వేసుకునే వేళ అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, రెండు డోసుల మధ్య ఎనిమిది గంటలు ఉంటే చాలు. హైవే మీద లారీ తోలే మరో పేషెంట్‌కు నేను అదే రాశాను, అతనికి ఇవాళ పొద్దున ఎక్కడ తెల్లారుతుందో తెలియదు. రొయ్యల రైతుకు ఆరున్నర ఖాయం. అంత డబ్బు పెట్టక్కర్లేదు అనుకున్నాను. గ్లార్జిన్‌కే యూనిట్ లెక్కన మామూలు మిక్స్ సీసా కంటే చాలా ఎక్కువ అవుతుంది. ధర కాగితం మీద రాసి చూపించాను. భార్యాభర్తలిద్దరూ కాసేపు మాట్లాడుకుని, రాత్రి భయం పోతే చాలన్నారు.

రాత్రి డోసు దించకముందు రెండు పూటలా కలిపి 52 యూనిట్ల మిక్స్‌లో ఎన్‌పీహెచ్ పాలు 36. అలా మార్చేటప్పుడు మామూలుగా ఇరవై శాతం తగ్గిస్తాం, అంటే 29. నేను ఇంకా తగ్గించి 22తో మొదలుపెట్టాను. కారణం ఆ ముద్ద. గట్టి ముద్దలో వేస్తూ వచ్చిన డోసును ఉన్నట్టుండి మెత్తటి చోట వేస్తే మందు పూర్తిగా పట్టి షుగర్ దిగిపోవచ్చు. వేసే వేళ పొద్దున ఆరున్నర, ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాక. పొట్టను నాలుగు భాగాలు చేసి పెన్నుతో గీసి, వారానికొకటి మార్చమన్నాను.

అన్నం వేళకు అస్పార్ట్ అనే తొందరగా పనిచేసే ఇన్సులిన్. ఇది పది, పదిహేను నిమిషాల్లో పని మొదలుపెట్టి, గంట రెండు గంటల్లో జోరందుకుని, నాలుగైదు గంటల్లో తప్పుకుంటుంది. రెగ్యులర్ అయితే అరగంట ముందు వేసుకుని కూర్చోవాలి. పట్టుబడి లారీ వచ్చిందని లేచి వెళ్లిపోతే అన్నం లేకుండా మందు మాత్రం పనిచేస్తూ ఉంటుంది. అస్పార్ట్ విషయంలో నేను పెట్టిన షరతు ఒక్కటే: కంచంలో అన్నం కనిపించాకే సూది. అన్నం లేకపోతే సూది లేదు. మధ్యాహ్నానికి 6 యూనిట్లతో మొదలు. మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచాను.

కొత్త మందు చూసి ఆయనకు అనుమానం వచ్చింది, ఇదేంది నీళ్లలా ఉందని. గ్లార్జిన్ తేటగానే ఉండాలి. తెల్లబడితే పారేయాలి. ఐదేళ్లు తెల్లటి మందు దొర్లించిన చేతికి ఇది తిరగబడ్డట్టు అనిపిస్తుంది, అందుకే విడమరిచి చెప్పాలి. గ్లార్జిన్‌నూ అస్పార్ట్‌నూ ఒకే సిరంజిలో కలపకూడదు. ఈ మందులు వేసుకునే ఇన్సులిన్ పెన్ను గుంట దగ్గరకు తీసుకెళ్లాల్సి వస్తే మట్టి కుండలో తడి ఇసుక పోసి, ప్లాస్టిక్ డబ్బాలో పెన్ను పెట్టి, ఆ డబ్బాను ఇసుకలో నీడపట్టున ఉంచమన్నాను. ఫ్రిజ్‌లో పెడితే తలుపు అరలో, ఐసు పట్టే చోట కాదు.

మూడు రోజులకోసారి పరగడుపు షుగర్ చూసి రెండేసి యూనిట్లు పెంచుతూ, 90 నుంచి 130 మధ్యకు తెచ్చాం. ఆరు వారాలకు 28 యూనిట్ల దగ్గర నిలిచింది. ఆ ఆరు వారాల్లో మూడింటి రీడింగ్ ఒక్కసారి 74, మిగతావన్నీ 95కి పైనే. చెమట లేదు, చక్కెర టీ లేదు.

సిరంజి జరిపిన ప్రమాదం

రెండో నెల చివర్లో ఒకరోజు మధ్యాహ్నం కొడుకు ఆయన్ని బండి మీద తీసుకొచ్చాడు. మాట తడబడుతోంది. షుగర్ 48. గ్లూకోజ్ ఎక్కించి, 110కి వచ్చాక ఏం జరిగిందని అడిగాను.

ఆ పొద్దున పెన్ను సూదులు అయిపోయాయి. మందుల షాపులో అడిగితే, పెన్ను సూదులు లేవు, సిరంజితో లాగి వేసుకోండి అన్నారట. ఇంట్లో పాత సిరంజిలు ఉన్నాయి, ఎర్ర మూత ఉన్నవి. కొడుకు పెన్నులో మందు ఉండే చిన్న గొట్టంలో, అంటే గ్లార్జిన్ కార్ట్రిడ్జ్‌లో, సూది గుచ్చి, 28 గీత వరకు లాగి వేశాడు.

ఇది మన దేశంలో ఇన్సులిన్ వాడే ప్రతి ఇంటికీ తెలియాలి. మనం వాడే 10 ఎంఎల్ సీసాల్లో ఎక్కువ వాటిల్లో ఒక ఎంఎల్‌కి 40 యూనిట్లు. పెన్నుల్లో, కార్ట్రిడ్జ్‌ల్లో ఎంఎల్‌కి 100 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి మీద గీతలు 40 లెక్కకు గీసినవి. దాంతో 28 గీత లాగితే 0.7 ఎంఎల్ వస్తుంది. సీసాలోని మందు అయితే అది 28 యూనిట్లే. కార్ట్రిడ్జ్‌లోని మందు అయితే 70 యూనిట్లు. రెండున్నర రెట్లు. తిరగేసి చేస్తే, అంటే నారింజ మూత ఉన్న 100 లెక్క సిరంజితో 40 సీసా నుంచి లాగితే, డోసు సగం కంటే తక్కువే వెళుతుంది, షుగర్ ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాదు. కార్ట్రిడ్జ్‌లో సిరంజి అసలు పెట్టకూడదు.

గ్లార్జిన్ ఒక పూటతో పోయేది కాదు, అందులోనూ అంత ఎక్కువ డోసు. ఒకసారి గ్లూకోజ్ ఇచ్చి ఇంటికి పంపితే రాత్రికి మళ్లీ పడిపోయేవారు. మరుసటి రోజు సాయంత్రం దాకా పది శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ నీళ్లు, నడిపిస్తూ, గంట గంటకూ షుగర్ చూస్తూ ఉంచాం. అర్ధరాత్రి దాటాక కూడా ఒకసారి 63 వచ్చింది.

కొడుకును ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి ఏమీ లేదు. తండ్రికి మందు తప్పకూడదనే చేశాడు. పెన్ను ఇచ్చిన రోజు పాత సిరంజిలు వెనక్కి తెచ్చిమ్మని నేను అడగాల్సింది. ఇప్పుడు నా దగ్గర సీసా నుంచి పెన్నుకు మారే ప్రతి ఒక్కరూ ఇంట్లో మిగిలిన సిరంజిలు తెచ్చి ఇస్తేనే పెన్ను పట్టుకోవడం నేర్పిస్తున్నాం. ఒక పెట్టె సూదులు ఎప్పుడూ అదనంగా ఇంట్లో ఉంచమంటున్నాం.

అందరికీ పెన్ను కాదు

ఈ కేసు చదివి 30/70 వాడేవాళ్లు భయపడి మార్చేయమంటే నాకు బాధగా ఉంటుంది. నా దగ్గరే ఒకావిడ ఉంది, పొదలకూరు వైపు అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది. పొద్దున ఎనిమిదికి టిఫిన్, ఒంటిగంటకు అన్నం, రాత్రి ఎనిమిదికి అన్నం. గంట కొట్టినట్టు తింటుంది. సీసా బాగా దొర్లిస్తుంది, చోటు మారుస్తుంది. ఎనిమిదేళ్లుగా అదే మిక్స్, హెచ్‌బీఏ1సీ 7.2, షుగర్ పడిన దాఖలా లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వచ్చే మందు అది. ఆమెకు మార్చాల్సిన పనే లేదు. ఎన్‌పీహెచ్ జోరు ఆమె అన్నం వేళలకు సరిపోయింది. గ్లార్జిన్ 2022 నుంచి జాతీయ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది, కొనలేనివాళ్లకు అది అందుబాటులోకి వస్తే మంచిదే. కానీ అవసరం లేని ఇంట్లో నెలనెలా ఆ ఖర్చు పెట్టించడం న్యాయం కాదు.

రైతు విషయానికొస్తే, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.8, ఆరు నెలలకు 7.4. ఇంతకంటే దించాలని నేను తొందరపడటం లేదు. ఇన్ని సార్లు పడిపోయిన మనిషికి, ఆ వేళలో ఒంటరిగా నీళ్ల గట్టు మీద నడిచే మనిషికి, 7 చేయడం కంటే పడిపోకుండా ఉండటం ముఖ్యం. రాత్రి అన్నానికి కూడా అస్పార్ట్ 6 యూనిట్లు కలిపాం. పొట్ట మీద ముద్ద మెత్తబడింది, పూర్తిగా పోలేదు. జేబులో గ్లూకోజ్ పొట్లం, కొడుకు జేబులో ఇంకొకటి.

పట్టుబడి రాత్రులే ఇంకా సరిగా కుదరడం లేదు. పోయినసారి అర్ధరాత్రి ఒంటిగంటకు అన్నం తిని, అలవాటు మీద 6 యూనిట్లు వేసుకుని, మళ్లీ వల దగ్గరకు వెళ్లారు. మూడింటికి 79. ఆ రాత్రులకు అస్పార్ట్ 3 యూనిట్లే వేసుకోమని, పడుకునే దాకా రెండు గంటలకోసారి చూసుకోమని చెప్పాను. వచ్చే పంట పట్టుబడికి ఆ అంకెలు చూడాలి. క్రియాటినిన్ మళ్లీ వచ్చే నెల.